ఆర్‌ఎక్స్-8 కొన్నాక ఏడాదికి ఎంతవుతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే కారు గురించి. మజ్దా ఆర్‌ఎక్స్-8. ఆ కంపెనీ మన దేశంలో కార్లు అమ్మలేదు. అయినా విశాఖ నుంచి ఇన్ని ప్రశ్నలు ఎందుకంటే, మన పిల్లలు బర్మింగ్‌హామ్‌లో, ఆక్లాండ్‌లో, షార్జాలో ఉన్నారు. అక్కడ ఈ కారు పాతది చవగ్గా దొరుకుతోంది, వాళ్లు ఫొటో తీసి ఇంటికి పంపుతున్నారు, ఇక్కడ పెద్దవాళ్లకు టెన్షన్ మొదలవుతోంది. అందుకే ఈ శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. ఇందులో ఉండేది రోటరీ ఇంజన్, అంటే పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్ గదిలో తిరుగుతూ పనిచేసేది. నాకు ఈ ఇంజనంటే చాలా ఇష్టం, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇష్టం కాబట్టే దాని ఖర్చులు ఏవీ దాచకుండా రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2007లో రిజిస్టరైన ఆర్‌ఎక్స్-8, 231 హార్స్‌పవర్ ఉన్నది, 2500 పౌండ్లకు వస్తోందట. "1300 సీసీయే కదా నాన్నా, ఖర్చేముంటుంది" అంటున్నాడు. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరుగుతాడు. అసలు ఎంతవుతుంది? – ఒక తండ్రి, గాజువాక

జవాబు: 1300 సీసీ అన్న మాట కాగితం మీద నిజమే, పెట్రోలు బంకు దగ్గర మాత్రం అది పనికిరాదండి. టౌను, హైవే కలిపి తిరిగితే ఈ కారు లీటరుకు ఎనిమిది కిలోమీటర్ల చుట్టుపక్కల ఇస్తుంది, ఒట్టి టౌన్లోనే అయితే ఇంకా తగ్గుతుంది. పదివేల కిలోమీటర్లకు 1250 లీటర్లు. అక్కడ లీటరు 1.40 పౌండ్లు అనుకుంటే 1750 పౌండ్లు పెట్రోలుకే. లీటరుకు పదహారు ఇచ్చే మామూలు చిన్న కారైతే ఇందులో సగం.

తర్వాత ఇంజన్ ఆయిల్. ఈ ఇంజన్ ఆయిల్ తాగుతుంది, తాగాలి కూడా, అలాగే తయారుచేశారు (ఎందుకో కింద ఇంకో జవాబులో రాశాను). 1500 నుంచి 2000 కిలోమీటర్లకు ఒక లీటరు లెక్కన ఏడాదికి ఐదు నుంచి ఏడు లీటర్లు పైపైన పోయాలి. ఇది కాక, ఐదువేల కిలోమీటర్లకోసారి మొత్తం ఆయిల్ మార్చేయడం మంచిదని నా అభిప్రాయం. అన్నీ కలిపి ఏడాదికి ఓ 150 పౌండ్లు వేసుకోండి. డబ్బు పెద్దది కాదు గానీ అలవాటు ముఖ్యం: రెండుసార్లు పెట్రోలు కొట్టిస్తే ఒకసారి డిప్‌స్టిక్ తీసి చూడాలి. లైటు వెలిగాక చూద్దాంలే అనుకునే మనిషి ఈ కారు కొనకూడదు.

ఇక రోడ్డు ట్యాక్సు, ఇది చాలామందికి తెలియక దెబ్బతింటారు. బ్రిటన్‌లో ఆ కాలపు కార్లకు ట్యాక్సు పొగలో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి వేస్తారు. 2006 మార్చి 23 నుంచి రిజిస్టరైన కార్లలో ఎక్కువ పొగ వదిలేవాటిని పై శ్లాబుల్లోకి తోసేశారు. మీ అబ్బాయి చూసిన 2007 బండి అందులో పడుతుంది, ఏడాదికి 700 పౌండ్లకు పైనే. అదే కారు, అదే ఇంజన్, ఆ తేదీకి ముందు రిజిస్టరై ఉంటే నాలుగు వందల చిల్లరతో పోతుంది. కాబట్టి ఆర్‌ఎక్స్-8 కొనాలనే పట్టుంటే 2004, 2005 బండ్లు వెతకమనండి. ఏడాదేడాదికీ మిగిలే డబ్బు అది. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున క్లీన్ ఎయిర్ జోన్ కూడా ఉంది, పెట్రోలు కారు యూరో 4 అనే కాలుష్య ప్రమాణంలో లేకపోతే అక్కడికి వెళ్లిన రోజుకు ఎనిమిది పౌండ్లు కట్టాలి. కొనే ముందు ఆ బండి నంబరు కొట్టి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

ఇక్కడిదాకా కూడితే 2600 పౌండ్లు, అంటే కారు ధర దాటిపోయింది. ఇన్సూరెన్స్ ఇంకా కలపలేదు. కుర్రవాడు, 231 హార్స్‌పవర్, వెనక చక్రాలు తిప్పే స్పోర్ట్స్ కారు, కంపెనీలు ఎంత చెబుతాయో కొనకముందే కనుక్కోవాలి, అడ్వాన్సు ఇచ్చాక కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఇందులో నాలుగు ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వ కోసం కరెంటు పంపే నాలుగు ఇగ్నిషన్ కాయిల్స్ ఉంటాయి. కాయిల్స్ ఇంజన్ పైన వేడిలో ఉండి నెమ్మదిగా బలహీనపడతాయి, బండి ఒక్కసారిగా ఆగదు, పికప్ కాస్త తగ్గుతుంది, ఎక్కడో చిన్నగా మిస్ కొడుతుంది, నడిపేవాడు పట్టించుకోడు. కాలని పెట్రోలు వెనక్కి వెళ్లి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలుతుంది, దాన్ని లోపల కరిగించేస్తుంది, కరిగిన ముక్కలు దారి మూసేస్తే వేడి వెనక్కి తన్ని ఇంజన్ సీళ్లకు (రోటర్ దగ్గర గాలి జారిపోకుండా ఆపే పట్టీలు) తగులుతుంది. అంటే కొన్ని వందల పౌండ్ల కాయిల్స్ సమయానికి మార్చకపోతే కొన్ని వేల పౌండ్ల ఇంజన్ పోతుంది. యాభైవేల కిలోమీటర్లకోసారి కాయిల్స్, ప్లగ్గులు, వైర్లు కలిపి మార్చేయడం ఈ కారుకు తప్పని ఖర్చు. అమ్మేవాడిని మొదట అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: కాయిల్స్ ఎప్పుడు మార్చారు, బిల్లు ఉందా?

ఇంజన్ విప్పి మళ్లీ కట్టించాలంటే అక్కడ సాధారణంగా 3000 నుంచి 5000 పౌండ్లు అవుతుంది. ఈ కార్లలో చాలా ఇంజన్లకు లక్ష, లక్షన్నర కిలోమీటర్ల మధ్య ఆ అవసరం వచ్చింది. కంపెనీకీ ఈ సంగతి తెలుసు, అమెరికాలో 2008లో ఇంజన్ వారంటీని ఎనిమిదేళ్లకు, లక్ష మైళ్లకు పెంచింది. ఆ గడువులన్నీ ఎప్పుడో అయిపోయాయి, ఇప్పుడు భారం కొన్నవాడిదే. అందుకే 2500 పౌండ్లకు కారు కొనేవాడి దగ్గర ఇంకో 4000 విడిగా పెట్టి ఉండాలంటాను. అది లేకపోతే ఆ కారు వద్దు. ఉంటే ధైర్యంగా కొనమనండి.

కొనే ముందు చేయించాల్సిన పరీక్ష ఒకటే ఉంది, దానికి డబ్బు ఇవ్వడానికి వెనకాడొద్దు. కంప్రెషన్ టెస్ట్, అంటే ఇంజన్ గాలిని ఎంత గట్టిగా నొక్కి పట్టగలుగుతుందో కొలవడం. మామూలు గ్యారేజీలో ఉండే గేజీతో కాదు, రోటరీ ఇంజన్ కోసమే చేసిన టెస్టర్‌తో. ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలు ఉంటాయి, మామూలు గేజీ ఆ మూడింటిలో బాగున్నదాని రీడింగే చూపిస్తుంది, పోయిన ముఖం దాని వెనక దాక్కుంటుంది. సరైన టెస్టర్ రెండు రోటర్లకూ కలిపి ఆరు అంకెలు ఇస్తుంది. స్టార్టర్ తిప్పే వేగాన్ని 250 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) లెక్కకు సరిచేశాక కొత్త ఇంజన్‌కు చదరపు సెంటీమీటరుకు 8.5 కేజీల దగ్గర ఉంటుంది, 6.9 కంటే తగ్గితే ఆ ఇంజన్ పని అయిపోయినట్టే. ఒక రోటర్ ముఖాల మధ్య తేడా ఒకటిన్నర కేజీ దాటకూడదు. ఆ కాగితం చూపించనని అమ్మేవాడంటే, టెస్టు చేయించుకోనివ్వనంటే, నమస్కారం పెట్టి వచ్చేయడమే.

టెస్టర్ దొరికేలోపు ఇంకో చిన్న పరీక్ష చేసుకోవచ్చు. బండిని ఓ అరగంట బాగా నడిపి ఆపి, పది నిమిషాలాగి మళ్లీ సెల్ఫ్ కొట్టాలి. వేడి మీద వెంటనే స్టార్ట్ కాకుండా తిరుగుతూ ఉంటే కంప్రెషన్ తగ్గిందని అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూపించడం ఎవరైనా చేస్తారు.

చివరిగా, మీ అబ్బాయి ఆఫీసు ఇంటికి మూడు కిలోమీటర్లయితే, రోజూ దానికే ఈ కారు తీస్తానంటే, నా జవాబు వద్దనే. ఆఫీసుకు బస్సులోనో రైల్లోనో వెళ్లి, శని ఆదివారాలు ఈ కారులో దూరాలు తిరుగుతానంటే, పైన చెప్పిన డబ్బు పక్కన ఉంటే, కొనుక్కోనివ్వండి. 9000 ఆర్‌పీఎం దాకా వణుకు లేకుండా ఎక్కే ఇంజన్ అది, ఆ వయసులో దాన్ని నడిపిన ఆనందం మామూలుది కాదు.

ప్రశ్న: నేను ఏయూలో మెకానికల్ చదువుతున్నాను. 1.3 లీటర్ల ఇంజన్ ఇంత పెట్రోలు ఎందుకు తాగుతుంది? ఆయిల్ కాలడం లోపం కాదని అంటారు, అదెలా? – విద్యార్థి, పెదవాల్తేరు

జవాబు: రెండు రోటర్లు, ఒక్కో గది 654 సీసీ, కలిపితే 1308. కానీ ఇక్కడొక లెక్క ఉంది. మామూలు ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో అన్ని సిలిండర్లలోనూ పెట్రోలు ఒకసారి మండడానికి క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరగాలి. రోటరీలో షాఫ్ట్ ఒక్క చుట్టు తిరిగేసరికి ప్రతి రోటర్‌కూ ఒక పవర్ స్ట్రోక్ వచ్చేస్తుంది (రోటర్ ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ మూడు తిరుగుతుంది, రోటర్‌కు మూడు ముఖాలు). కాబట్టి రెండు చుట్లలో ఇది పీల్చే గాలి 2.6 లీటర్లకు సమానం. జపాన్‌లో ట్యాక్సు వేసేటప్పుడు సీసీని ఒకటిన్నరతో గుణిస్తారు, అలా చూసినా రెండు లీటర్ల కారు కిందకే వస్తుంది.

ఇంకో కారణం గది ఆకారం. పిస్టన్ ఇంజన్‌లో మంట ఒక చిన్న గుండ్రటి చోట కాలుతుంది. రోటరీలో గది పొడుగ్గా, పల్చగా ఉండి, కాలుతున్నంతసేపూ కదులుతూ ఉంటుంది. గోడల వైశాల్యం ఎక్కువ కాబట్టి వేడి గోడలకు పోతుంది, మూలల్లో పెట్రోలు పూర్తిగా కాలదు. ఒక్కో రోటర్‌కు రెండు ప్లగ్గులు పెట్టింది అందుకే. ఆర్‌ఎక్స్-8లో రెనెసిస్ అనే ఇంజన్‌తో పొగ దారిని పక్క గోడలోకి మార్చి ఈ నష్టాన్ని చాలా తగ్గించారు, దానికి 2003లో ఇంటర్నేషనల్ ఇంజన్ ఆఫ్ ది ఇయర్ బహుమతి కూడా వచ్చింది. అయినా ఆకారంతో వచ్చిన నష్టం పూర్తిగా పోదు.

ఆయిల్ సంగతి: రోటర్ మూడు కొసల్లో అపెక్స్ సీళ్లు ఉంటాయి, అవి గోడను ఎప్పుడూ రాసుకుంటూ తిరుగుతాయి. పిస్టన్‌కు కింది నుంచి ఆయిల్ చిమ్మినట్టు వీటికి కుదరదు. అందుకని ఒక చిన్న పంపు ఇంజన్ ఆయిల్‌నే కొద్దికొద్దిగా గదిలోకి పంపుతుంది, అది సీళ్లను తడిపి పెట్రోలుతో పాటు కాలిపోతుంది. ఆయిల్ తాగని ఆర్‌ఎక్స్-8 కనిపిస్తే సంతోషపడొద్దు, ఆ పంపు సరిగా పనిచేస్తోందో లేదో చూడాలి.

ఈ ఇంజన్ జర్మన్ ఇంజనీరు ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన. జర్మనీలో ఎన్ఎస్‌యూ కంపెనీ మొదలుపెట్టింది, మజ్దా 1967లో కాస్మో స్పోర్ట్ కారుతో పట్టుకుని వదలలేదు, 1991లో లీ మాన్స్ 24 గంటల పందెం రోటరీ కారుతోనే గెలిచింది. 2012లో ఆర్‌ఎక్స్-8 ఆగిపోయాక కథ ముగిసిందనుకున్నారు, 2023లో ఎంఎక్స్-30 అనే కారులో ఒకే రోటర్ ఇంజన్‌ను బ్యాటరీ చార్జింగ్ కోసం మళ్లీ పెట్టారు. చక్రాలతో సంబంధం లేకుండా జనరేటర్‌ను మాత్రమే తిప్పుతుంది. చిన్నగా, తేలిగ్గా ఉండే రోటరీకి ఆ పని తగినదని నాకనిపిస్తుంది. మీరు ప్రాజెక్టు చేయాలనుకుంటే అది చదవండి.

ప్రశ్న: మా బావగారు లండన్ నుంచి వచ్చేస్తున్నారు. 2010 ఆర్‌ఎక్స్-8 ఉంది. మనకు పోర్టు ఊళ్లోనే ఉంది కదా, ఓడలో తెప్పించుకుంటే సరిపోదా? స్వరాజ్ మజ్దా వ్యాన్లు చేసిన మెకానిక్కులు కూడా మనూళ్లో ఉన్నారు. – సీతమ్మధార

జవాబు: కుదరదండి. విదేశాల్లో వాడిన కారు మన దేశానికి దిగుమతి చేసుకోవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు. ఆర్‌ఎక్స్-8 తయారీ ఆగిందే 2012లో. పైగా వాడిన వాహనాల దిగుమతికి అనుమతి ముంబై పోర్టు ద్వారానే, మన పోర్టు పక్కనే ఉన్నా దానికి పనికిరాదు. కార్నెట్ కాగితాల మీద కొన్నాళ్లకు తెచ్చుకోవడం వేరే సంగతి, గడువులోగా తిరిగి తీసుకెళ్లాల్సిందే. ఎవరైనా "నేను చూసుకుంటాను, రిజిస్ట్రేషన్ కూడా చేయిస్తాను" అంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

మెకానిక్కుల మాటకొస్తే, స్వరాజ్ మజ్దా వ్యాన్లు డీజిల్ పిస్టన్ బండ్లు. వాటి మీద చేయి తిరిగిన వాళ్లు గొప్ప పనివాళ్లే, కానీ ఈ ఇంజన్‌కూ వాటికీ కంపెనీ పేరు తప్ప ఏమీ కలవదు. బావగారిని ఆ కారు అక్కడే అమ్మేసి రమ్మనండి. కంప్రెషన్ టెస్టు కాగితం చేతిలో పెట్టుకుని అమ్మితే మంచి ధర వస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడు ఆక్లాండ్‌లో ఉంటాడు. ఇంటి ముందు వేరే కారు బయటికి తీయడానికి ఆర్‌ఎక్స్-8ని కాస్త పక్కకి జరిపి వెంటనే ఆపేశాడట. మళ్లీ స్టార్ట్ కాలేదు. ఇంజన్ పోయిందని ఏడుపు ఒక్కటే తక్కువ. – ఎంవీపీ కాలనీ

జవాబు: ఇంజన్ పోలేదమ్మా, ఫ్లడ్ అయింది. చల్లటి ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ పంపుతారు, అది వేడెక్కకముందే ఆపేస్తే మిగిలిన పెట్రోలు లోపల ప్లగ్గులను తడిపేసి, గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. ఆయిల్ పొర పోతే సీళ్లు గాలిని బిగించి పట్టలేవు, కంప్రెషన్ రాదు, స్టార్ట్ కాదు. యాక్సిలరేటర్ పూర్తిగా కింది దాకా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టమనండి, అలా తొక్కితే పెట్రోలు పంపడం ఆగిపోతుంది, గాలి మాత్రమే లోపలికి వెళ్లి ఆరబెడుతుంది. ఒక్కోసారి కొన్ని క్షణాలే కొట్టాలి, మధ్యలో ఆగాలి, లేకపోతే బ్యాటరీ, స్టార్టర్ మోటారు రెండూ పోతాయి. అలా కూడా రాకపోతే ప్లగ్గులు విప్పి ఆరబెట్టాలి, అది తెలిసినవాళ్ల చేత చేయించాలి.

ఇకమీదట నియమం ఒకటే, స్టార్ట్ చేస్తే టెంపరేచర్ ముల్లు మామూలు చోటికి వచ్చేదాకా ఆపకూడదు. రెండు గజాలు జరపాలన్నా సరే. లేదంటే న్యూట్రల్‌లో పెట్టి తోసేయమనండి.

ప్రశ్న: షార్జాలో మా మేనల్లుడు పాత ఆర్‌ఎక్స్-8 చూశాడు. అక్కడి ఎండకు తట్టుకుంటుందా? – సిరిపురం

జవాబు: కూలింగ్ సరిగా ఉంటే తట్టుకుంటుంది, లేకపోతే ఒక్కసారి ఉడికినా చాలు, అయిపోతుంది. ఈ ఇంజన్‌లో రోటర్ తిరిగే గదులు అల్యూమినియం, పక్క పలకలు ఇనుము, రెండూ వేడికి ఒకేలా సాగవు. మధ్యలో నీళ్లు ఆపే సీళ్లు నలిగిపోతే కూలెంట్ గదిలోకి దిగుతుంది, ఇక ఇంజన్ విప్పాల్సిందే. గల్ఫ్‌లో వర్క్‌షాపులో పనిచేసినప్పుడు విప్పి చూసిన వాటిలో సీళ్లు అరిగి పోయినవాటి కంటే వేడికి పోయినవే నాకు ఎక్కువ కనిపించాయి. రేడియేటర్ ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయా, కూలెంట్ ప్లాస్టిక్ సీసాకు పగుళ్లు ఉన్నాయా, కూలెంట్ మట్టం వారం వారం తగ్గుతోందా, ఇవి చూడాలి. తగ్గుతుంటే ఆ కారు కొనొద్దు, ధర ఎంత తగ్గించినా సరే. ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఓ ఇరవై నిమిషాలు నిలబెట్టి చూడమనండి.

ప్రశ్న: రోటరీ కారు ఇక్కడ ఎలాగూ రాదు. మామూలు ఇంజన్ ఉన్న పాత స్పోర్ట్స్ కారు కొని బీచ్ రోడ్డులో ఉన్న మా ఫ్లాట్‌లో పెట్టుకోవాలనుంది. దేనికి ఖర్చు ఎక్కువ? – పాండురంగాపురం

జవాబు: తుప్పుకు. సముద్రపు గాలి మన బీచ్ రోడ్డు గేట్లను, ఏసీ యూనిట్లను ఏం చేస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. వారానికోసారి మంచినీళ్లతో అడుగుభాగం కడిగించండి, గుడ్డ కవర్ కప్పి నెలల తరబడి వదిలేయొద్దు, కవర్ కింద ఉప్పు తేమ అలాగే నిలిచిపోతుంది. కొనేటప్పుడు చక్రాల పైన ఆర్చీలు, తలుపుల కింద పట్టీలు వేలితో నొక్కి చూడండి. బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడి ఆర్‌ఎక్స్-8లకు కూడా సరిగ్గా ఇవే చోట్ల తుప్పు పడుతుంది.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయికి ఒకాయన "ఇంజన్ ఈమధ్యే రీబిల్డ్ చేయించాను" అని ఆర్‌ఎక్స్-8ని ఎక్కువ ధరకు అమ్ముతున్నాడు. అది మంచిదేనా? – మధురవాడ

జవాబు: మంచిది కావచ్చు, కానీ ఆ ఒక్క మాటకు ఎక్కువ ధర ఇవ్వకూడదు. సీళ్లు కొత్తవి వేసి, గీతలు పడిన పాత హౌసింగులే (రోటర్ తిరిగే గదులు) మళ్లీ బిగిస్తే, ఆ రీబిల్డ్ ఎంతోకాలం నిలవదు. మూడు విషయాలు అడగమనండి: ఎవరు కట్టారు, రోటరీ పనే చేసే వర్క్‌షాపేనా? హౌసింగులు మార్చారా, పాతవే వాడారా? రీబిల్డ్ చేశాక కంప్రెషన్ కాగితం ఉందా? బిల్లులో భాగాల పేర్లు విడివిడిగా రాసి ఉండాలి, "ఇంజన్ వర్క్" అని ఒక్క అంకె ఉంటే అది బిల్లు కాదు.

ఇంకొకటి, మొదటి ఇంజన్ ఎందుకు పోయిందో అడగాలి. కాయిల్స్ వల్ల పోయి ఉంటే కాయిల్స్, క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చారా? వేడికి పోయి ఉంటే రేడియేటర్ మార్చారా? కారణం అలాగే ఉంచి ఇంజన్ మాత్రం కొత్తగా కడితే రెండోది కూడా అదే దారిన పోతుంది. జవాబులు సరిగా చెప్పి కాగితాలు చూపిస్తే, అమ్మాయిని ఆ ఎక్కువ ధరకే కొనమనండి. ఏ వివరమూ లేని చవక బండి కంటే అదే తక్కువ ఖర్చుతో తేలుతుంది.